పిల్లల చరిత్ర పుస్తకం మీరూ చదవండి

తుంబలహళ్లిలోనూ, పాలక్కోడు, కారిమంగళం చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పిల్లల్ని తమిళ బడికి పంపే అమ్మానాన్నలకు ఒక మాట. మీ అబ్బాయో అమ్మాయో తొమ్మిదికో పదికో వచ్చాక, సాంఘికశాస్త్రం పుస్తకంలో చరిత్ర భాగం మీరూ చదవండి. పిల్లలకు పాఠం చెప్పడానికి కాదు. ఒప్పజెప్పించుకోవడానికి అసలే కాదు. మీ కోసం, మీరు తెలుసుకోవడానికి చదవండి.

"ఈ వయసులో మాకెందుకండీ?" అంటారని తెలుసు. మనలో చాలామందికి చరిత్ర అనగానే తారీకులు గుర్తుకొస్తాయి. ఫలానా యుద్ధం ఏ సంవత్సరం, ఫలానా రాజు తర్వాత ఎవరు, ఐదు మార్కుల ప్రశ్న, బెత్తం. బడి మానేసిన రోజునే వాటిని వదిలించుకున్నాం. పైగా పొద్దున పాలు పోసి, తోట చూసుకుని, సాయంత్రం సంతనుంచి తిరిగొచ్చేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి. అలాంటప్పుడు పదో తరగతి పుస్తకం తెరిస్తే మొదటి పాఠమే మొదటి ప్రపంచ యుద్ధం. తమిళనాడు పదో తరగతి పుస్తకంలో మొదటి నాలుగు పాఠాలూ ప్రపంచానివే. రెండు యుద్ధాలు, వాటి నడుమ కాలం, ఆ తర్వాతి లోకం, ఇవన్నీ అయ్యాకే మన దేశపు సంస్కరణోద్యమాలు వస్తాయి. గాంధీగారు కనిపిస్తారని తెరిస్తే ఆస్ట్రియా యువరాజు హత్య ఎదురవుతుంది. ఇది మనకు సంబంధం లేనిదనుకుని మూసేస్తాం.

సంబంధం ఉంది. అది పుస్తకంలో రాసి ఉండదు, అంతే. మీరున్న చోటునుంచి చదివితేనే కనిపిస్తుంది.

పుస్తకం తెరిచేముందు బీరువాలోని పొలం పట్టా ఒకసారి బయటికి తీయండి. సర్వే నంబరు, విస్తీర్ణం, తీర్వ, మీ నాన్నగారి పేరో తాతగారి పేరో ఉంటాయి. ఒక్కొక్క చేనునూ కొలిచి, దానికింత అని పన్ను కట్టి, నడుమ జమీందారు లేకుండా రైతు పేరునే రాసుకునే పద్ధతికి తొలి అడుగులు పడిన నేల మన ధర్మపురి ప్రాంతమే. 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాన్ తన రాజ్యంలో దాదాపు సగం వదులుకున్నాడు. అలా మన ధర్మపురి ఉన్న బారామహల్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను ఇక్కడికి పంపారు. ఆయన కింద పనిచేసిన కుర్ర అధికారుల్లో ఒకడు థామస్ మన్రో. 1799 వరకు మన్రో ఈ ప్రాంతంలోనే ఉన్నాడు, ధర్మపురిలో మకాం పెట్టాడు, ఊరూరా తిరిగి పొలాలు కొలిపించాడు.

స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టిన మనిషి ఇక్కడికెలా వచ్చాడు? అతని తండ్రి అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడ్డాయి, యుద్ధం వచ్చింది, వ్యాపారం కుప్పకూలింది. కుటుంబం చితికిపోయింది. కొడుకు కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. ఇక టిప్పును ఓడించి బారామహల్ తీసుకున్న సేనాని ఎవరు? కార్న్‌వాలిస్. 1781లో అమెరికాలోని యార్క్‌టౌన్ దగ్గర జార్జి వాషింగ్టన్‌కు లొంగిపోయిన ఆ కార్న్‌వాలిసే. అక్కడ ఓడి, ఇక్కడికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. టిప్పు వైపు చూస్తే, ఆయన పంపిన రాయబారులు 1788లో ఫ్రాన్సు రాజు పదహారో లూయీని కలిశారు. ఏడాది తిరక్కుండానే, 1789 జులై 14న, పారిస్ జనం బాస్టిల్ కోట మీద పడ్డారు. ఆ రాజు దగ్గర్నుంచి టిప్పుకు రావలసిన సాయం రాలేదు.

తొమ్మిదో తరగతి పుస్తకంలో విప్లవాల పాఠం ఉంది. అమెరికా, ఫ్రాన్సు రెండూ అందులో ఉంటాయి. వాటిని ఈ కథ తెలిసి చదివి చూడండి. పాఠం రాసినవాళ్లు ధర్మపురి ఊసెత్తలేదని తప్పు పట్టడానికి లేదు, రాష్ట్రమంతటికీ రాసిన పుస్తకం అది. ఆ పాఠాన్ని మీ పట్టాదాకా తెచ్చుకోవడం మాత్రం ఇక్కడ పొలమున్నవాళ్లు చేయాల్సిన పని. మీ అమ్మాయికి బడిలో ఎవరూ చెప్పని సంగతి మీరు చెప్పగలుగుతారు.

మన్రో కథ ఇక్కడితో ఆగదు. ఇక్కడ నేర్చుకున్న పనితోనే 1800లో రాయలసీమకు వెళ్లాడు, 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉన్నాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆ వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లున్నాయి. అనంతపురం, కర్నూలు వైపు మీకు చుట్టరికాలుంటే ఈ మాట వాళ్లతోనూ కలుస్తుంది. అయితే ఆయన్ను దేవుణ్ని చేసి చెప్పకండి. ఆయన కట్టిన శిస్తు రైతులకు బరువైంది. నాలుగో వంతు తగ్గించాలని 1807లో ఆయనే పైవాళ్లకు రాశాడు. ఒక మనిషి జనం మెప్పు పొందడం, అదే మనిషి పరాయి కంపెనీకి పన్ను గుంజిపెట్టడం, రెండూ ఒక్కచోట ఉండొచ్చు. ఈ రెంటినీ కలిపి చెబితే పద్నాలుగేళ్ల పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. సగమే చెప్పి వాళ్లను చిన్నబుచ్చకండి.

ఇంకా వెనక్కి వెళ్లాలనుంటే అశోకుడున్నాడు. ధర్మపురి పాత పేరు తగడూరు, దాన్నేలినవాళ్లు అధియమాన్లు. అవ్వైయార్‌కు ఉసిరికాయ ఇచ్చిన నెడుమాన్ అంజి కథ మన పిల్లలందరికీ తెలుసు. అశోకుడి రెండో శిలాశాసనంలో, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామని చెబుతూ, చోళులు, పాండ్యులు, సతియపుత్రులు, కేరళపుత్రులు, తామ్రపర్ణి అని దక్షిణాది పేర్లు వరసగా వస్తాయి. ఆ వెంటనే యవన రాజు అంతియోకుడి పేరు. సిరియా, ఇరాన్ ప్రాంతాలేలిన గ్రీకు రాజు ఆంటియోకస్ ఆయన. సతియపుత్రులెవరో పండితులు చాలాకాలం తేల్చుకోలేకపోయారు. 1981లో తిరుక్కోవిలూరు దగ్గర జంబై గుట్టమీద తమిళ బ్రాహ్మీ లిపిలో ఒక శాసనం దొరికింది. సతియపుతో అతియన్ నెడుమాన్ అంజి అని అందులో ఉంది. అంటే తగడూరు పాలకుల వంశమూ, గ్రీకు రాజూ రెండువేల రెండువందల ఏళ్ల కిందటే ఒకే రాతిమీద, దాదాపు ఒకే వాక్యంలో ఉన్నారు. అశోకుడి ఆ శాసనం ప్రతి ఒకటి తెలుగునాట ఎర్రగుడిలో ఉంది, మన్రో కన్నుమూసిన పత్తికొండ ప్రాంతంలోనే. సెలవుల్లో ఆ వైపు వెళ్లే పనుంటే పిల్లల్ని తీసుకెళ్లండి. శాసనాలున్న బండలు ఇప్పటికీ కళ్లారా చూడొచ్చు.

వంటింటి సంగతి క్లుప్తంగా చెబుతాను. పాలక్కోడు టమాటా మార్కెట్టుకు బుట్టలు పంపే ఇల్లు కదా మీది. టమాటా, మిరప, వేరుశనగ, మొక్కజొన్న, బంగాళాదుంప, ఇవేవీ ఐదారువందల ఏళ్ల కిందట మన దేశంలో లేవు. కొలంబస్ 1492లో అట్లాంటిక్ దాటాకే అమెరికా ఖండాలనుంచి ఓడలెక్కి వచ్చాయి. మన రాగి అంతకు ఎన్నో వేల ఏళ్ల ముందు ఆఫ్రికానుంచి వచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి చరిత్రలో ప్రపంచం ఎలా ఒక్కటైందో చెప్పే పాఠం ఉంది. అది ఈ తిండి కబుర్లతోనే నడుస్తుంది. బంగాళాదుంప పంట కుళ్లి 1845 నుంచి ఐర్లండులో సుమారు పది లక్షలమంది చనిపోవడం, ఒప్పంద కూలీలుగా మనవాళ్లు మారిషస్, ట్రినిడాడ్ వెళ్లడం అందులో ఉన్నాయి. ఆ కూలీలు బయల్దేరిన చోట్లలో తమిళనాడు మెట్ట జిల్లాలూ ఉన్నాయి. పుస్తకాలంటే భయపడే అమ్మలకు మొదట ఈ పాఠమే ఇస్తాను.

ఇక ఎలా చదవాలో చూద్దాం. రాత్రి భోజనాలయ్యాక రెండు పేజీలు చాలు. పిల్లవాడి పక్కనే కూర్చోండి, కానీ అతని పని అతన్ని చేసుకోనివ్వండి. బడిలో ఇచ్చిన అట్లాసు దగ్గర పెట్టుకోండి. ఊరి పేరు రాగానే అందులో వెతకండి. సరాయెవో ఎక్కడుంది, వోల్గా ఎటు పారుతుంది, దార్దనెల్స్ ఎంత సన్నం. పటం లేకుండా యుద్ధాల పాఠం చదివితే పేర్ల జాబితాగా మిగులుతుంది. తెలియని మాట వస్తే సిగ్గుపడకుండా పిల్లల్ని అడగండి. "ఒరేయ్, ఈ సంధి ఎందుకు చేసుకున్నారో నాకు ఎక్కలేదు, నువ్వు చెప్పు" అని నాన్న అడిగితే, మార్కుల మాట ఎత్తకుండానే ఆ పాఠం పిల్లవాడి బుర్రలో నిలిచిపోతుంది. అయితే నిజంగా తెలియకే అడగాలి. పరీక్షించడానికి అడిగితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు, మరునాటినుంచి పుస్తకం మీ కంట పడనివ్వరు.

ఒక్క మాట మాత్రం మానుకోండి. పాఠం మధ్యలో పిల్లవాడు ఏదో ఆసక్తిగా చెబుతుంటే "ఇది పరీక్షలో వస్తుందా?" అనకండి. రష్యా విప్లవం గురించి అడిగిన పిల్లకు ఆ ప్రశ్నే జవాబైతే ఇక అడగదు. చదువుమీద ప్రేమ పిల్లల్లో చాలావరకు సొంత ఇంట్లోనే, ఈ ఒక్క మాటతోనే చచ్చిపోవడం చూస్తుంటే బాధేస్తుంది.

భాష గురించి మీకో బెంగ ఉంటుంది. 2006లో వచ్చిన చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యభాషయ్యాక, మన ఇళ్లలో చాలామంది పిల్లలకు తెలుగు నోట ఉంది గానీ అక్షరాల్లో లేదు. కొందరు తల్లిదండ్రులకూ అంతే. దానికోసం చదవడం ఆపకండి. పిల్లవాడు తమిళంలో ఒక పేరా బయటికి చదవనీ, మీరు దాన్ని ఇంటి తెలుగులో తిరిగి చెప్పండి. "అంటే నాయనా, వాళ్ల రాజు మాట వినకుండా జనమే సభ పెట్టుకున్నారన్నమాట" అని. అలా తిరిగి చెప్పేటప్పుడే మీకు అర్థమైందో లేదో తేలిపోతుంది. తెలుగు చదవడం వచ్చినవాళ్లకు మంచి అవకాశం ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నుంచి ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు తెచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల బడి పుస్తకాలూ ఫోన్లోకి ఉచితంగా దించుకోవచ్చు. డిగ్రీ స్థాయిలో చదవాలనుకుంటే 1968లో హైదరాబాదులో పెట్టిన తెలుగు అకాడమీ పుస్తకాలున్నాయి. కానీ అక్కడినుంచి మొదలుపెట్టకండి. తొమ్మిదో తరగతి పుస్తకం పెద్దవాళ్లకు తక్కువ స్థాయిది అనుకోనక్కర్లేదు. విషయం తేటగా ఉంటుంది, బొమ్మలుంటాయి, రెండునెలల్లో అయిపోతుంది.

పెద్దవాళ్లు సొంతానికి ప్రపంచ చరిత్ర చదవడం మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మిత్రులు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి మొట్టమొదట అచ్చువేసిన పుస్తకం ఏది? అబ్రహాం లింకన్ చరిత్ర. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాశారు. బళ్లకు కాకుండా, ఇంట్లో కూర్చుని చదువుకునే మామూలు తెలుగువాళ్లకోసం వేసిన మొదటి పుస్తకమే అమెరికా అధ్యక్షుడి కథ కావడం నాకెంతో గొప్పగా అనిపిస్తుంది. ఆ గాడిచర్లగారే తర్వాత గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ జీవితం ధారపోశారు. నెహ్రూ సంగతీ చూడండి. 1930 నుంచి 1933 వరకు జైళ్లలోనుంచి కూతురు ఇందిరకు 196 ఉత్తరాల్లో ప్రపంచ చరిత్ర రాశాడు. ఆయన చరిత్ర పండితుడు కాడు. దగ్గర గ్రంథాలయం లేదు. దొరికిన పుస్తకాలు తాను చదువుకుంటూ, చదివింది పిల్లకు చెప్పాడు. జైలు గోడలు లేని మనకు రోజుకు రెండు పేజీలు మించిన పని కాదు.

కష్టమైన పాఠాల దగ్గర కాస్త నిదానం కావాలి. మొదటి ప్రపంచ యుద్ధం పాఠం వచ్చినప్పుడు దాన్ని మన వైపునుంచి చెప్పండి. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను ఓడ మద్రాసు రేవుమీద గుళ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది. ఆ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. వేలూరు గడియారపు స్తంభం మీద ఒక రాతిపలక ఉంది. ఆ ఊరినుంచి 277 మంది వెళ్లారని, 14 మంది ప్రాణాలిచ్చారని చెక్కారు. పిల్లలతో వేలూరు వెళ్తే ఆగి చదివించండి. రెండో యుద్ధమైతే ఇంకా దగ్గర. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. బర్మాలో స్థిరపడిన తెలుగువాళ్లూ తమిళులూ అడవులగుండా కాలినడకన ఇంటిదారి పట్టారు, ఎందరో దారిలోనే పోయారు. మీ చుట్టాల్లో రంగూను ముచ్చట్లు చెప్పిన ముసలివాళ్లెవరైనా ఉంటే ఆ కబుర్లు ఈ పాఠం పక్కన చేర్చండి.

హిట్లరు పాఠం దగ్గర మాత్రం తప్పించుకోవద్దు. సుమారు అరవై లక్షలమంది యూదుల్ని చంపారని పిల్లవాడు పుస్తకంలో చదివి మీ మొహంలోకి చూస్తాడు. "ఇవన్నీ నీకెందుకురా" అనకండి. పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడండి. ఆ వీధిలో పక్కింటివాళ్లు ఏం చేశారు, బళ్లోనుంచి యూదు పిల్లల్ని పంపేసినప్పుడు టీచరు ఏమన్నాడు, దుకాణదారు ఏమన్నాడు, ఈ ప్రశ్నలు వాళ్లతో కలిసి ఆలోచించండి. జవాబు మీకూ తెలియకపోవచ్చు. చరిత్ర చదివి ఫలానా మతంవాళ్లు ఇంతే, ఫలానా కులంవాళ్లు ఇంతే అని తీర్పులు చెప్పే ఇంట్లో పిల్లలు తొందరగా మొద్దుబారిపోతారు. చచ్చిపోయిన రాజుల పగలు మీ పిల్లల నెత్తిన పెట్టకండి. టిప్పు గురించి ఫోన్లో రోజూ ఏదో ఒకటి వస్తుంది. తిట్టేదీ వస్తుంది, పొగిడేదీ వస్తుంది. "పుస్తకంలో ఏముందో చూద్దాం పట్టు" అనే అలవాటు మీరు చేసుకుంటే పిల్లలకూ అబ్బుతుంది.

పుస్తకంలో ఉన్నదంతా వేదమా అంటే, కాదు. పాఠ్యపుస్తకాన్ని ఒక సంఘం కూర్చుని రాస్తుంది. స్థలం తక్కువ, వదిలేసేది ఎక్కువ. ఎవరికి ఎన్ని పేజీలివ్వాలో ఆనాటి ప్రభుత్వపు అభిప్రాయాలూ కొంత తేలుస్తాయి. దీనికి మందు ఒకటే, రెండో పుస్తకం. తమిళనాడు పుస్తకంలో ఫ్రెంచి విప్లవం చదివాక, ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతిలో అదే పాఠం చదవండి. ఒకటి రొట్టె ధర దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది, ఇంకొకటి రాజు ఖర్చుల దగ్గర ఆగుతుందేమో గమనించండి. ఆడవాళ్లు వెర్సాయికి నడిచి వెళ్లిన సంగతికి ఎవరు ఎన్ని వాక్యాలిచ్చారో లెక్కపెట్టమని అమ్మాయికే చెప్పండి. తమిళం, తెలుగు, కాస్త ఇంగ్లిషు, సరిహద్దున కన్నడమూ తెలిసిన మన పిల్లలకు ఒకే విషయాన్ని రెండు మూడు చోట్ల చదివే సౌకర్యం ఊరికే వచ్చింది. హైదరాబాదు పిల్లలకు కూడా ఇంత సులువుగా దొరకదు.

ఇంకొక్క పని. పరీక్షలవగానే పుస్తకాలన్నీ మూటకట్టి పాతపేపర్ల కొట్లో కిలోల లెక్కన వేయడం మన వైపు మామూలే. లెక్కలు, సైన్సు పుస్తకాలు వెనక వచ్చే పిల్లలకు ఇవ్వండి. తొమ్మిది, పది తరగతుల సాంఘికశాస్త్రం మాత్రం ఉంచుకోండి. ఏప్రిల్ దాటితే పిల్లవాడికి దానితో పని ఉండదు, అప్పటినుంచి అది పూర్తిగా మీది. పేజీల పక్కన పెన్సిలుతో రాసుకోవచ్చు. మామిడికాయల పని తెమిలాక, విప్లవాల పాఠంతో మొదలుపెట్టండి.